మెదడు సారు

సంతాపసభలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన హృదయం గురించి మాట్లాడుతుంటే నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. బోధన్‌లో ఒక ఫంక్షన్ హాలు. వేదిక మీద ఫ్లెక్సీ. అందులో పోయినాయన ఫొటో కంటే ఫ్లెక్సీ వేయించినవాళ్ల ఫొటోలే పెద్దగా ఉన్నాయి. మాజీ కౌన్సిలర్ ఒకాయన మైకు అందుకుని, సారుది వెన్నలాంటి హృదయమనీ, ఆ గుండె నిండా విద్యార్థులే ఉండేవాళ్లనీ, ఇకనుంచి ఆయన మన గుండెల్లో ఉంటాడనీ చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. బతికుంటే సారు ముందు వరసలోంచి లేచి ఆ మైకు లాక్కునేవాడు. గుండెలో రక్తం తప్ప ఇంకేమీ ఉండదనీ, విద్యార్థులుంటే ఆపరేషన్ చేసి తియ్యాలనీ అక్కడికక్కడే చెప్పి, కౌన్సిలర్ నెత్తి మీద వేలు పెట్టి ప్రేమ పుట్టే చోటు చూపించేవాడు. భోజనాలు చల్లారిపోయేవి.

ఆయన మా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్. అసలు పేరు చెబితే బోధన్‌లో సగం మంది ఎవరాయన అంటారు. మెదడు సారు అంటే మాత్రం షక్కర్‌నగర్ నుంచి పాత బస్టాండు దాకా అందరికీ తెలుసు. ఆయన స్కూటర్ చప్పుడు వినగానే సందు మార్చినవాళ్లు అందులో చాలామంది. నేను ఆయన దగ్గర చదువుకున్నాను, డాక్టర్ని కాలేకపోయాను, ఎరువుల దుకాణం పెట్టుకున్నాను, చివరికి ఆయన ఇంటి పైభాగంలోనే కిరాయికి దిగాను. కాబట్టి పాఠం క్లాసులో విన్నాను, మెట్ల మీదా విన్నాను. నాకు మార్చుకోవడానికి సందు లేదు.

హెల్మెట్ ఆయనకు ఒక అవయవం. స్కూటర్ దిగినా తీసేవాడు కాదు. కిరాణా కొట్టుకూ, బ్యాంకుకూ, పెళ్లి పందిట్లోకీ అదే హెల్మెట్‌తో వచ్చేవాడు. హోటల్లో అద్దం పైకెత్తి, సాసర్లో పోసుకున్న చాయ్‌ని జాగ్రత్తగా లోపలికి పంపేవాడు. బ్యాంకు గార్డు ఒకసారి ఆపి తీయమన్నాడట. కపాలం ఎముక ఎక్కడ మందం, ఎక్కడ పలచన అన్న సంగతి ఆ గార్డు తల మీదే వేళ్లతో కొట్టి చూపించేసరికి లోపల లంచ్ టైమ్ అయిపోయింది. తర్వాత ఆ గార్డు ఆయన్ని ఎప్పుడూ ఆపలేదు. మెదడు మీద మూడు పొరలుంటాయని ఇంటర్‌లో పాఠం. బయటిది వరాశిక, నడుమది లౌతికళ, లోపలిది మృద్వి. సారు దంపతులకు పిల్లల్లేరు. ఈ మూడు పేర్లను ఆయన ముగ్గురు ఆడపిల్లల్ని పిలిచినట్టు పలికేవాడు.

"మూడు పొరలు పుట్టుకతోటి వస్తయ్. నాలుగోది మనం కొనుక్కోవాలె" అని హెల్మెట్ మీద టకటకా కొట్టుకునేవాడు.

మనుషుల్ని ఆయన కులం చూసీ, పార్టీ చూసీ గుర్తుపెట్టుకోలేదు. మెదడులో ఏ భాగంతో బతుకు నడుపుతున్నారో చూసి గుర్తుపెట్టుకున్నాడు. చిన్నమెదడు పని ఒళ్లు తూలిపోకుండా చూడటం. ముందు గ్యాస్ బండ, వెనక భార్య, మధ్యలో ఇద్దరు పిల్లలు, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని చౌరస్తాలో బండి నడిపేవాణ్ణి చూస్తే ఆయన నిలబడిపోయేవాడు. వీడికి చిన్నమెదడు జిల్లాలోనే ఫస్టు, పెద్దమెదడు ఇంకా పార్సిల్ ఆఫీసులోనే ఉంది, విడిపించుకోలేదు అనేవాడు. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట మజ్జాముఖం ఉంటుంది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, మింగడం దాని పనులు. ఆలోచనతో దానికి లావాదేవీలు లేవు. ఇప్పుడు మైకు ముందు ఏడ్చిన కౌన్సిలర్ పదవిలో ఉన్న రోజుల్లో, మా వాడకట్టు మోరీలో మురుగు నిలిచిపోతున్న సంగతి అడగడానికి వెళ్తూ సారును పెద్దమనిషిగా వెంటబెట్టుకుపోయాం. ఆయన మోరీ సంగతి ఎత్తకుండా, కౌన్సిలర్ మెడ వెనక రెండు వేళ్లు ఆనించాడు.

"నువ్వు మొత్తం గిక్కడికెళ్లే బతుకుతున్నవ్ తమ్మీ. ఊపిరి తీస్తున్నవ్, మింగుతున్నవ్. పై ఇల్లంత ఖాళీగున్నది."

పెద్ద చదువు చదివిన మనిషి తన మెడ పట్టుకుని ఏదో మెచ్చుకుంటున్నాడని కౌన్సిలర్ మురిసిపోయి అందరికీ చాయ్ తెప్పించాడు. మోరీ ఇప్పటికీ అట్లాగే ఉంది.

కాలేజీలో ఆయన సిలబస్ ఆయనదే. జీర్ణవ్యవస్థ మూడు నాలుగు రోజుల్లో అరిగిపోయేది. మూత్రపిండాలు వచ్చినట్టే వచ్చి పోయేవి. గుండెకు ఒక్క రోజు. గుండె అంటే బోరు మోటారు, కరెంటున్నంతసేపు పోస్తది, మోటారు గురించి ఎన్ని రోజులు చెప్పుకుంటమని బొమ్మ గీసి, నాలుగు గదుల పేర్లు రాసి, చెయ్యి దులుపుకునేవాడు. పరీక్షలో ఏటా గుండె మీదే ప్రశ్న వచ్చేది. మేం గైడ్లు కొనుక్కుని గుండె నేర్చుకున్నాం. మెదడుకు మాత్రం వానలు పడి చెరకు తోటలు మనిషెత్తు అయ్యేదాకా పాఠం సాగేది. బోర్డు మీద బొమ్మ గీయడం తక్కువ. మా తలలే బోర్డు. నుదురు మీద వేలి కణుపుతో కొట్టి ఆలోచన ఇక్కడ అనేవాడు, వెనక కొట్టి చూపు ఇక్కడ, చెవుల మీద కొట్టి వినికిడి ఇక్కడ అనేవాడు. మా బ్యాచ్‌లో ఏది మర్చిపోయినవాడైనా మెదడు భాగాలు మర్చిపోలేదు. ఎక్కడ నొప్పి పుట్టిందో గుర్తు తెచ్చుకుంటే జవాబు వచ్చేది. "తెల్వది సార్" అన్నవాడికి మాత్రం బెంచీ ఎక్కి నిలబడటమే. తెల్వది అన్న మాట ఆయన క్లాసులో బూతు కింద లెక్క.

పాఠం ఆఖరు రోజున అసలైన మెదడు వచ్చేది. సీసాలో మందు నీళ్లలో ఊరే మెదడంటే ఆయనకు చిన్నచూపు, ఊరగాయ అనేవాడు. బజారులో మటన్ దుకాణం చాచా ఆ రోజు మేక తలను దెబ్బ తగలకుండా విప్పి, మెదడును మల్లెపూల పొట్లంలా అందించేవాడు. ఇంత తాజా భేజా పిల్లలకు చూపించి పారేస్తే గునా, పాపం తగులుతుందని చాచా ఏటా బతిమాలేవాడు. సారు ఎప్పుడూ తినలేదు. తాను మొక్కేదాన్ని ఉల్లిగడ్డలతో వేయించుకోవడం ఆయనకు మనసొప్పలేదు. ఈ మాట ఆయన ముందు అన్నానంటే మనసు ఎక్కడుందో చూపించమని నా తల వాయించేవాడు. ఆ మెదడు కాలేజీకి వచ్చేది ఒక స్టీలు డబ్బాలో. ఆ డబ్బా ఇంట్లోకి రాకూడదని ఆయన భార్య ఒక్కటే షరతు పెట్టింది. అది బయట జామచెట్టుకు వేలాడుతుండేది.

ఆమెది మాక్లూర్ దిక్కు పసుపు పండించే ఇల్లు. మేమంతా అమ్మా అని పిలిచేవాళ్లం. మాట చాలా తక్కువ. తక్కువ అనడం కూడా తప్పే, మాట్లాడటానికి ఆ ఇంట్లో ఖాళీ దొరకలేదు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు సాధారణంగా మాటల కేంద్రం మెదడు ఎడమ భాగంలో ఉంటుందని చెప్పే రోజున సారు ఇంటి సంగతి కలిపేవాడు. మా ఇంట్లో మాటల కనెక్షన్ ఒక్కటే, అది నా పేరు మీదున్నది అని క్లాసంతా నవ్వించేవాడు. ఆయన పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటే ఎట్లా వేగుతున్నావమ్మా అని నేనొకసారి అడిగాను. ఆమె పసుపు కొమ్ములు చాటలో పోస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"పసుపు ఉడికేటప్పుడు కాగు సప్పుడు చేస్తనే ఉంటది బిడ్డా. సప్పుడు బందైతే చూడాలె, మంట ఆరిందా ఏందని."

మిగతా ఊరికి అంత ఓపిక లేదు, అట్లాగని ఆయన్ని ఆపే ధైర్యమూ లేదు. సగం ఊరికి ఆయన చదువు చెప్పాడు, మిగతా సగం వాళ్ల పిల్లలకు చెప్పాడు. దొరికిన మనిషి మణికట్టు పట్టుకుని మాట్లాడటం ఆయన పద్ధతి. కొత్తగా పెళ్లయిన జంటను పట్టుకుని, ఇప్పుడు మీకు కలిగే సంతోషం ఏ గ్రంథి చలవో చెప్పేవాడు. చావుల దగ్గర మరీ ప్రమాదం. మా దగ్గర చితి మీద కపాలం పగిలిన చప్పుడు వినిపించేదాకా శ్మశానం నుంచి ఎవరూ కదలరు. అంతకంటే కుదురైన క్లాసు ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? ఒక చావులో పురోహితుడు చప్పుడు విని ప్రాణం విడుదలైందన్నాడు. కాదు, పుర్రెలో ఉన్న మస్తిష్కమేరుద్రవం ఉడికి ఆవిరై ఎముకను తన్నింది అని సారు సవరించాడు. తలకొరివి పెట్టిన కొడుకు బిత్తరపోయి ఇద్దరి వంకా చూశాడు. అందరూ స్నానాలకు వెళ్లాక కూడా సారు ఆ కొడుకు మణికట్టు వదల్లేదు.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో దవాఖానాలు పెరిగి, తలనొప్పి వస్తే కూడా స్కానింగ్ రాయడం మొదలైనప్పటి నుంచి ఆయన దశ తిరిగింది. ధర్పల్లి నుంచి, మెండోర నుంచి, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి కూడా మనుషులు పెద్ద ప్లాస్టిక్ కవర్లలో ఫిల్ములు పట్టుకుని మా ఇంటి ముందు దిగేవాళ్లు. పెద్ద డాక్టరు చూసి మందులు రాసిచ్చాడు గానీ ఏమైందో చెప్పలేదు, మెదడు సారు చెబుతాడట అని వచ్చేవాళ్లు. సారు వాకిట్లో నిలబడి, హెల్మెట్ అద్దం ఎత్తి, ఫిల్మును ఎండకు పట్టి చూసేవాడు. ఇదిగో పెద్దమెదడు, ఇవి రెండు అర్ధగోళాలు, ఇది నడుమ గాడి, ఇవి ద్రవం నిలిచే గదులు. వచ్చినవాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా తృప్తిగా వెళ్లేవాళ్లు. తమ రోగం గురించి ఒక చదువుకున్న మనిషి పూటంతా మాట్లాడటం వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎవరికి ఏ చెయ్యి పడిపోయింది, మాట ఎట్లా ఉంది అని సారు ఎన్నడూ అడగలేదు. భాగాలన్నీ వాటి వాటి చోట్ల కనిపిస్తే ఆయనకు ఆనందం. దీనివల్ల ఎవరికీ నష్టం జరగలేదు, మందులు ఎట్లాగూ డాక్టరు రాసినవే వేసుకునేవాళ్లు.

సారు రిటైరయ్యాక ఒకరోజు పొద్దున ఆమె ఆయనకు చాయ్ తెచ్చి ఇస్తుంటే గ్లాసు జారి గచ్చు మీద పడింది. ఆమె కుడిచెయ్యి దాని వెనకే వేలాడింది. నోరు ఒక పక్కకు లాగింది. ఏదో చెప్పబోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. సారుకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది, ఆ మెచ్చుకోలు ఆయనకు దక్కాల్సిందే. మేడ మీదికి ఒక్క కేక వేశాడు. ఎదురింటి వాళ్ల కారులో నిజామాబాద్ దాకా నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను, ఆయన వెనక సీట్లో ఆమె తల ఒడిలో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి పడింది, మాట పోయింది, దెబ్బ ఎడమ అర్ధగోళంలో, దారులు అడ్డం దాటి పోతాయి కాబట్టి ఎడమ మెదడు కుడి ఒంటిని నడుపుతుంది అని దారంతా చెబుతూనే ఉన్నాడు. చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు, పాఠం ఆగడం లేదు. నాకు ఆ గొంతు వింటే ఆమె పరిస్థితి కంటే ఎక్కువ భయమేసింది.

దవాఖానాలో స్కానింగ్ తీశారు. ఐసీయూ డాక్టరు బయటికి వచ్చి, బీపీ ఎక్కువై లోపల నరం చిట్లిందనీ, రక్తం ఇంకా ఊరుతుండవచ్చుననీ, వెంటనే లోపలికి తీసుకుని బీపీ దించాలనీ, ఇంకో దవాఖానాకు కదిలిస్తే ప్రాణానికే ముప్పనీ చెప్పాడు. సారు సరే అంటే స్ట్రెచర్ లోపలికి పోతుంది. సారు ఫిల్ము అడిగాడు.

వరండా చివర కిటికీ ఉంది. ఆయన అలవాటు ప్రకారం ఫిల్మును వెలుతురుకు పట్టాడు. తెల్లటి మచ్చ స్పష్టంగా ఉంది. చూస్తూ చూస్తూ ఆయన ముఖం మారిపోయింది. గబగబా డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"గీ ఫిల్ము మా ఇంటామెది కాదు. ఆమెకు కుడి చెయ్యి పడింది. దెబ్బ ఎడమ దిక్కుండాలె. గిండ్ల మచ్చ కుడి దిక్కున్నది. ఎవలిదో ఫిల్ము మాకిచ్చిండ్రు."

డాక్టరు ఏదో చెప్పబోయాడు. సారు వినలేదు. పైగా ఫిల్ముకు కుడి అంచున ఎడమ అని అర్థం వచ్చే ఇంగ్లిషు అక్షరం అచ్చయి ఉంది. అది వేలితో చూపించి, ఎడమేదో కుడేదో తెలియనివాళ్ల చేతిలో నా భార్య తలకాయ పెట్టనన్నాడు. అంబులెన్సు మాట్లాడు, హైదరాబాద్ పోదాం అని నా మీద కేకలేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు ఊరికొకరు ఉంటారు. ఇక్కడ జరిగింది అంతకంటే ఘోరం. వరండాలో ఉన్న మిగతావాళ్లు కూడా తమ కుందేళ్ల కాళ్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. అందులో ఒకతను మా దిక్కువాడే, మెదడు సారును ఎరిగినవాడు. తన తండ్రికి ఎడమ కాలు పడిపోయింది, ఫిల్ము తీసి చూస్తే మచ్చ ఎడమ దిక్కే ఉంది. ఇంకొకామె అత్త ఫిల్మూ అంతే. పెద్ద సారే చెప్తున్నడంటే ఉత్తగ చెప్తడా అని ఒకాయన అందరికీ వినబడేటట్టు అన్నాడు. కాసేపట్లో ఆ వరండాలో ఉన్న ఫిల్ములన్నీ తారుమారైనవేనని తేలిపోయింది. తర్వాత నేను చూసిన దృశ్యం నా జన్మలో మర్చిపోను. జనం ఒకరి ఫిల్ములు ఒకరు మార్చుకోవడం మొదలుపెట్టారు. మీ బాపుకు ఎడమ దిక్కు పడ్డదా, అట్లయితే గిది మీది కావచ్చు, మీ దాంట్ల సూడు మాది ఉన్నదేమో అని ఒక ముసలాయన ఫిల్ము తీసుకుపోయి మీ తల్లిది ఇదేనని ఒక పడుచు పిల్లకిచ్చారు. కొత్త ఫిల్ము సరిపోయిందని ఆ పిల్ల దండం పెట్టింది కూడా.

ఇంత గోలలో ఐసీయూ తలుపు పక్కన స్ట్రెచర్ మీద ఆమె పడి ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మొగుడు చెయ్యెత్తి వరండాకు పాఠం చెబుతుంటే అటే చూస్తోంది. లోపల రక్తం ఊరుతోంది. ఆయన చదువే ఆమెను చంపేటట్టుందని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సార్, ముందు లోపలికి పంపిద్దాం, తర్వాత కొట్లాడుకుందాం అన్నాను. నన్ను బెంచీ ఎక్కించేవాడిలా చూశాడు.

అప్పుడు స్కానింగ్ గదిలోంచి ఫిల్ములు చదివే డాక్టరమ్మ వచ్చింది. ధర్పల్లి పిల్ల, నా తర్వాత బ్యాచ్‌లో ఆయన దగ్గరే చదువుకుంది. ఆమె ఆయనతో వాదించలేదు. ఎదురుగా నిలబడి, ఫిల్మును ఆయన చేతిలోనే ఉండనిచ్చింది.

"సార్, గుండె పాఠం మీరు ఒక్క రోజుల అయిపోగొట్టిండ్రు. గా రోజు బొమ్మ గీసి ఒక ముచ్చట చెప్పిండ్రు. బొమ్మల ఎడమ గది మన కుడి దిక్కుంటది, బొమ్మల ఉన్న మనిషి మనకు ఎదురుంగ నిలబడ్డట్టు అనుకోవాలె అని. గిది గూడ గట్లనే సార్. అమ్మ పండుకున్నది. మనం ఆమె కాళ్ల దిక్కు నిలబడి చూస్తున్నం. ఫిల్ము అమ్మదే."

వరండాలో అందరూ సారు జవాబు కోసం చూశారు. ఆయన మెల్లగా నడిచి స్ట్రెచర్ దగ్గరికి వెళ్లాడు. ఆమె పాదాల దగ్గర నిలబడ్డాడు. ఫిల్మును ఎదురుగా పట్టుకుని ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి పడిపోయిన చెయ్యిని చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది ఫిల్ములు చూసినవాడు, ఫిల్ము అవతల ఒక మనిషి పడుకుని ఉంటుందన్న సంగతి ఇప్పుడే చూస్తున్నట్టు నిలబడ్డాడు. తర్వాత ఫిల్ము కిందికి దించాడు. లోపలికి తీసుకుపొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. స్ట్రెచర్ చక్రాలు కదిలాక డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"మళ్ల మాట్లాడుతదా బిడ్డా?"

"తెల్వది సార్."

ఆయన తలూపాడు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. ఆ వెనక వరండాలో జనం తమ తమ ఫిల్ములు తిరిగి వెతుక్కోవడానికి పడ్డ పాట్లు వేరే కథ. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా వాటిని పేర్లు చదివి పంచిపెట్టింది.

ఆమె బతికింది. ఆపరేషన్ అవసరం పడలేదు. కొన్ని వారాలకు ఇంటికి తెచ్చారు, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేది. కుడిచెయ్యి కొంచెం కొంచెంగా దారిలోకి వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమయ్యేది, నవ్వాల్సిన చోట నవ్వేది, కోపం వస్తే ముఖం తిప్పుకునేది. నోరు తెరిస్తే మాట దొరికేది కాదు. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ఊరుకోకుండా మాట్లాడిస్తూ ఉండాలని నిజామాబాద్‌లో మాట నేర్పే అమ్మాయి చెప్పింది. నీళ్లు, బువ్వ, ఇంట్లోవాళ్ల పేర్లు, ఇట్లాంటి వాటితో మొదలుపెట్టమంది. ఎదుటి మనిషి పెదవులు కనబడాలని కూడా చెప్పడంతో సారు ఇంట్లో హెల్మెట్ మానేశాడు. ఆయన బట్టతల వాడకట్టు అప్పుడే చూసింది. నీళ్లు, బువ్వ దగ్గర మాత్రం ఆయన ఆ అమ్మాయి మాట వినలేదు. దెబ్బ తిన్నది మెదడు కాబట్టి అది ముందు తన పేరు తాను నేర్చుకోవాలన్నది ఆయన వాదం.

అందుకని రోజూ మధ్యాహ్నం ముందు గదిలో క్లాసు జరిగేది. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చునేది. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒక్కొక్క అక్షరం విడదీసి, నోరు ఇంతింత చేసి, మస్తిష్కం అనేవాడు. అనుమస్తిష్కం అనేవాడు. మజ్జాముఖం అనేవాడు. మాట బాగున్నవాడికే నోరు తిరగని ఆ పేర్లు వింటూ ఆమె ఆయన పెదవుల వంక చూస్తూ ఉండేది. ఎండలు పోయి వానలొచ్చాయి. వానలు పోయి చెరకు కోతలొచ్చాయి, ట్రాక్టర్లు మా వీధిలోంచి చెరకు ఈడుస్తూ పోతుంటే ఆ మోతలో కూడా ఆయన పాఠం ఆగలేదు. ఇంక లాభం లేదని వాడకట్టంతా అనుకుంటోంది. రాత్రిళ్లు ఆయన నిద్రపోవడం లేదని కింది నుంచి వచ్చే అడుగుల చప్పుడును బట్టి నాకు తెలుసు. ఒకరోజు మెట్ల మీద నా మణికట్టు పట్టుకున్నాడు. పాఠం మొదలవుతుందనుకున్నాను. పట్టుకున్న చెయ్యి వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు.

మరికొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. సారు పొరల దగ్గరున్నాడు. వరాశిక, అను, వ-రా-శి-క. లౌతికళ, లౌ-తి-క-ళ. మృద్వి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. నెమ్మదిగా ముందుకు వంగి, ఆ చేతిని ఆయన నోటి మీద పెట్టింది.

"సాలు" అంది.

స్పష్టంగా అంది. తడబాటు లేదు. బోధన్‌లో పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ, కౌన్సిలర్లూ పురోహితులూ ఎవరూ అనలేకపోయిన మాట అంది. సారు ఆమె చెయ్యి వెనక నుంచే నా వైపు చూశాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. నాకూ ఆగలేదు. ఆయన లేచి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. చెరకు ట్రాక్టరు ఆపాడు, ఎదురింటి వాళ్లను పిలిచాడు, సైకిల్ మీద పోతున్న మటన్ చాచాను పట్టుకుని ఊపేశాడు. "నన్ను సాలన్నది. ఇన్నరా, నన్ను సాలన్నది" అని అందరికీ చెప్పాడు. భార్య తిడితే ఇంత పండుగ చేసుకున్నవాణ్ణి ఆ వీధి అంతకు ముందు చూడలేదు. తర్వాత ఇంట్లోకి వచ్చి, కుర్చీ ఆమెకు ఇంకా దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు.

నేను తిని దుకాణానికి పోయేటప్పుడు అట్లాగే కూర్చుని ఉన్నాడు. చీకటి పడే వేళకు తిరిగి వచ్చేసరికీ అట్లాగే ఉన్నాడు. ఇంట్లో చప్పుడు లేదు. సార్, లైటు వెయ్యాలా అని అడగబోయాను. ఆయన ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండానే వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను ఆపాడు.

"ఊకో. ఇంకో మాట అంటదేమో" అన్నాడు.